తువ్వాళ్లు నేసిన చేతులకు ఇన్సులిన్ పాఠాలు

బట్టల మిల్లు మూతపడి వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్లను మందుల ఫ్యాక్టరీలో పనికి సిద్ధం చేస్తామంటూ ఓ చిన్న కాలేజీ ముందుకొచ్చింది. అందుకు కావలసిన డబ్బేమో... సిగరెట్ కంపెనీల నుంచి వచ్చింది! అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇరవయ్యేళ్లుగా నడుస్తున్న ఈ కథలో మన జీనోమ్ వ్యాలీకీ, మన పిల్లల చదువులకూ పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

2003 జులై 30. నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్ నగరానికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యానపొలిస్ అనే ఊళ్లో పిల్లోటెక్స్ కంపెనీ తన మిల్లులకు తాళం వేసింది. ఆ ఒక్క దెబ్బకు రాష్ట్రంలో దాదాపు 4,800 మంది ఉద్యోగాలు పోయాయి. అప్పటివరకూ ఆ రాష్ట్ర చరిత్రలో ఒకేసారి అంతమందికి పని పోయింది లేదు.

మామూలు ఊరైతే వేరే పని వెతుక్కునేవారేమో. క్యానపొలిస్ అలాంటి ఊరు కాదు. ఆ ఊరు పుట్టిందే మిల్లు కోసం. 1906లో జేమ్స్ విలియం క్యానన్ అనే వ్యాపారి అక్కడి పొలాలు కొని తువ్వాళ్ల మిల్లు కట్టాడు. కార్మికులకు ఇళ్లు కట్టించిందీ, అద్దె తీసుకున్నదీ, రోడ్లు వేయించిందీ, చివరికి పోలీసులకు జీతాలిచ్చిందీ మిల్లే. 1984 వరకూ ఆ ఊరికి సొంత మునిసిపాలిటీ కూడా లేదంటే చూడండి! తాత పనిచేసిన మగ్గం దగ్గర తండ్రి, తండ్రి పక్కన కొడుకు, కోడలు. పదహారేళ్లు నిండగానే బడి మానేసి మిల్లులో చేరిపోతే చాలు, జీవితం గడిచిపోతుందన్న ధీమా. వరంగల్ ఆజంజాహీ మిల్లు రోజులు గుర్తున్న పెద్దలకు ఆ ధీమా ఎలా ఉంటుందో, అది పోయినప్పుడు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మిల్లు ఎందుకు మూతపడిందంటే కారణాలు ఒకటి రెండు కాదు. అప్పులు పెరిగాయి. బయటి దేశాల నుంచి చవక తువ్వాళ్లు వచ్చిపడ్డాయి. అమెరికాకు తువ్వాళ్లు పంపే దేశాల్లో ఆ తర్వాతి ఏళ్లలో ముందు వరసకు వెళ్లిన దేశం ఏదనుకున్నారు? మనదే!

పని పోయినవాళ్లు ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లు. హైస్కూలు పాసైన సర్టిఫికెట్ లేనివాళ్లు వాళ్లలో కోకొల్లలు. మగ్గం గురించి అన్నీ తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మౌస్ పట్టుకోవడం తెలియదు. దిగుమతుల వల్ల ఉద్యోగాలు పోయినవారికి మళ్లీ చదువుకోవడానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం సాయం చేసే పథకం ఒకటి అప్పట్లో ఉండేది. ఆ డబ్బుతో వాళ్లంతా ఎక్కడికెళ్లాలి? దగ్గర్లో ఉన్నది ఒక్కటే... రోవన్-క్యాబరస్ కమ్యూనిటీ కాలేజీ. వాళ్లు వచ్చి చేరింది వందల్లో కాదు, వేలల్లో. కాలేజీ వాళ్లు ఆ ఊళ్లోనే ఓ కేంద్రం కూడా తెరిచారు. పేరు 'రీఫోకస్, రీట్రైన్, రీఎంప్లాయ్'. మళ్లీ ఆలోచించుకో, మళ్లీ నేర్చుకో, మళ్లీ ఉద్యోగంలో చేరు అని.

ఇంతకీ కమ్యూనిటీ కాలేజీ అంటే?

మన దగ్గర దానికి సరిగ్గా సరిపోయే సంస్థ లేదు. ఐటీఐ, పాలిటెక్నిక్, ఓపెన్ స్కూలు, డిగ్రీలో మొదటి రెండేళ్లు... ఈ నాలుగింటినీ ఒకే ఆవరణలో పెట్టి, ఎంట్రన్స్ పరీక్ష లేకుండా తలుపులు తెరిచి ఉంచితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే కమ్యూనిటీ కాలేజీ. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన యాభై రెండేళ్ల అమ్మమ్మ కూర్చుని లెక్కలు నేర్చుకోవడం అక్కడ వింతేం కాదు. నార్త్ కరోలినాలో ఇలాంటివి 58 ఉన్నాయి. రాష్ట్రంలో ఎవరికైనా ఇంటి నుంచి కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలో ఒక కాలేజీ ఉండాలన్నది 1963లో ఆ వ్యవస్థకు చట్టం చేసినవారి ఉద్దేశం.

ఆ రాష్ట్రానికి ఇంకో పాత అలవాటు ఉంది. కొత్త ఫ్యాక్టరీ వస్తానంటే 'స్థలం ఇస్తాం, పన్ను తగ్గిస్తాం' అనడంతో ఆగదు. 'మీకు కావలసిన పనివాళ్లను మేమే తయారుచేసి ఇస్తాం, ఖర్చు మాది' అంటుంది. ఈ పద్ధతి 1950ల చివరి నుంచీ ఉంది. మొదట్లో నేర్పింది నేత, వెల్డింగ్, ఫర్నిచర్ పనులు. 1990లకు వచ్చేసరికి కథ మారింది. రాలీ, డరమ్ నగరాల చుట్టుపక్కలకు వస్తున్నవి ఇన్సులిన్ కంపెనీలు, టీకాల కంపెనీలు, రక్తంలోని ప్లాస్మా నుంచి మందులు తీసే కంపెనీలు. వాటికి పీహెచ్‌డీలు కొద్దిమంది చాలు. కావలసిందల్లా రాత్రి షిఫ్టులో ట్యాంకు దగ్గర నిలబడి, వాల్వు సరిగ్గా తిప్పి, ఏం తిప్పామో సరిగ్గా రాసే మనుషులు. వాళ్లే లేరు!

పొగాకు డబ్బు!

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. సిగరెట్ల వల్ల జబ్బుపడినవారికి ప్రభుత్వాలు పెట్టిన వైద్య ఖర్చులు మీరే కట్టాలంటూ అమెరికాలోని రాష్ట్రాలు పొగాకు కంపెనీలను కోర్టుకు లాగాయి. 1998లో 46 రాష్ట్రాలతో కంపెనీలు రాజీకి వచ్చాయి. పాతికేళ్లలో 20 వేల కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకొన్నాయి. నార్త్ కరోలినాకు అది రెండువైపులా పదునున్న కత్తి. ఎందుకంటే ఆ రాష్ట్రం బతికిందే పొగాకు మీద. మన ఒంగోలు, కందుకూరు వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా పొగాకు ఉందే... బ్యారన్లలో వేడిపెట్టి పసుపు రంగు తెప్పించే ఆకు... దానికి పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. సిగరెట్ తాగడం తగ్గితే రైతు ఏమవుతాడు?

అందుకని వచ్చే సొమ్ములో సగాన్ని పొగాకు మీద, పాత పరిశ్రమల మీద ఆధారపడిన ఊళ్ల బాగుకోసం పక్కన పెట్టారు. దానికోసం 1999లో పెట్టిన సంస్థ పేరు గోల్డెన్ లీఫ్, అంటే బంగారు ఆకు. మిల్లు మూతపడిన 2003లోనే ఆ సంస్థ బయోటెక్ శిక్షణ కోసం 6 కోట్ల డాలర్లకు పైగా ఇస్తానంది. ఆ సొమ్మును మూడు చోట్లకు పంచారు. ఒకటి, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో నిజమైన ఫ్యాక్టరీలా ఉండే శిక్షణ కేంద్రం. పొట్టిపేరు బీటెక్ (మన ఇంజినీరింగ్ డిగ్రీ కాదండోయ్!). ఇది 2007లో మొదలైంది. రెండోది, నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన వైపు మొగ్గిన కేంద్రం. మూడోది కమ్యూనిటీ కాలేజీలన్నిటినీ కలిపే బయోనెట్‌వర్క్. మూడింటిలో తక్కువ డబ్బు దక్కింది దీనికే. ఎక్కువమందిని చేరింది కూడా ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే కాలేజీ దాకా రాలేని ఊళ్లకు ఓ పెద్ద బస్సులో ప్రయోగశాలనే పంపించారు వీళ్లు. మన దగ్గర ఊరూరా తిరిగే కంటివైద్యం బస్సుల్లాగా.

అద్దాల గదిలో అఆలు

బడి కట్టడానికీ, ఇలాంటి శిక్షణ కేంద్రం కట్టడానికీ చాలా తేడా ఉంది. నాలుగు గోడలు, నల్లబల్ల చాలవు. గోడ, నేల కలిసే చోట మూల ఉండకూడదు, గుండ్రంగా వంపు తిరగాలి. మూలల్లో దుమ్ము చేరుతుంది కదా! కిటికీకి అరుగు ఉండకూడదు. లోపలి గదిలో గాలి ఒత్తిడి బయటి గదికన్నా కాస్త ఎక్కువగా ఉండాలి. అప్పుడే తలుపు తీసినా గాలి బయటకు పోతుంది తప్ప బయటి మురికి లోపలికి రాదు. ఒక తలుపు మూసుకుంటేగానీ రెండో తలుపు తెరుచుకోదు. గాలిని వడపోసే హెపా ఫిల్టర్లు మైక్రాన్‌లో మూడోవంతు కూడా లేని కణాలను సైతం 99.97 శాతం ఆపేయాలి. ఇక నీరు... ఇంజెక్షన్ మందుల్లో వాడే నీటికి ప్రత్యేక యంత్రాలు, వేడిగా తిరుగుతూనే ఉండే పైపులు. చదువు చెప్పే గది కన్నా దాన్ని శుభ్రంగా ఉంచే యంత్రాలకే ఎక్కువ చోటు, ఎక్కువ ఖర్చు. శంకుస్థాపన రోజున ఫొటోలు దిగే నాయకులెవరూ ఈ గదుల ముందు నిలబడరు గానీ, కరెంటు బిల్లు వచ్చేది మాత్రం వీటికే.

ఇంత హంగామా అవసరమా? పుస్తకంలో చదివితే రాదా? రాదు. ఎందుకో తెలియాలంటే ఆ ఫ్యాక్టరీల్లో జరిగేదేమిటో కాస్త చూడాలి.

మామూలు మాత్రలు రసాయనాలు కలిపితే తయారవుతాయి. బయోటెక్ మందులను మాత్రం బతికున్న కణాలు తయారుచేస్తాయి. జన్యుమార్పిడి పద్ధతిలో చేసిన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసింది మన పేగుల్లో ఉండే ఈ.కొలి బ్యాక్టీరియానే. కొన్ని కంపెనీలు బ్యాక్టీరియాకు బదులు ఈస్ట్‌ను వాడతాయి. కొన్ని క్యాన్సర్ మందులకు చైనా చిట్టెలుక కణాలు కావాలి. స్టీలు ట్యాంకులో ఈ కణాలకు చక్కెర, ఉప్పు, ఆక్సిజన్, సరైన వేడి ఇస్తూ పెంచాలి. ఇడ్లీపిండి పులియబెట్టడం తెలిసిన ఇల్లాలికి ఇందులో సగం అర్థమైనట్టే! కాకపోతే ఇక్కడ పిండి పులిసిపోతే పారబోసి మళ్లీ రుబ్బుకోవడం కుదరదు. వేల లీటర్ల ట్యాంకులోకి బయటి సూక్ష్మజీవి ఒక్కటి దూరినా లక్షల డాలర్ల సరుకు మురుగుకాలవ పాలు. పసిగట్టకుండా బయటికి వెళ్లిందా... రోగి ప్రాణమే పోవచ్చు.

అందుకే మొదటి పాఠం బట్టలు వేసుకోవడం. నవ్వకండి, నిజమే. తలకు టోపీ, కాళ్లకు తొడుగులు, ఒళ్లంతా కప్పే సూటు, కళ్లద్దాలు, చేతులకు రెండు జతల గ్లవ్స్. ఏది ముందో, ఏది తర్వాతో వరస తప్పకూడదు. సూటు నేలకు తగిలితే మళ్లీ మొదటికి. కదలకుండా నిలబడినా మనిషి ఒంటి నుంచి నిమిషానికి వేల కొద్దీ కణాలు రాలుతుంటాయట. పౌడరు, గోళ్లరంగు, ఉంగరాలు నిషిద్ధం. మన అమ్మాయిలైతే బొట్టూ కాటుకా కూడా ఇంట్లో వదిలి రావలసిందే. అన్నీ వేసుకున్నాక గ్లవ్స్ వేళ్లను, సూటు చేతులను పోషకాల జెల్లీ పోసిన పళ్లాలకు అద్దిస్తారు. వాటిని వెచ్చని పెట్టెలో ఉంచి కొన్ని రోజులకు చూస్తారు. చుక్కలు మొలిస్తే ఫెయిల్!

రెండో పాఠం రాయడం. ట్యాంకు వేడి ఎంత, ఎన్ని గంటలకు చూశాం, ఏ వాల్వు తెరిచాం... అప్పటికప్పుడు సిరాతో రాసి సంతకం పెట్టాలి. తప్పు రాస్తే కొట్టేసే పద్ధతి కూడా ఒకటుంది. ఒక్క గీత గీయాలి, కింద ఏముందో కనబడాలి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ వాడితే ఉద్యోగం పోతుంది. రాయని పని చేయనట్టే లెక్క. తనిఖీకి వచ్చే ఎఫ్‌డీఏ అధికారులు ముందుగా అడిగేవాటిలో ఈ పుస్తకాలూ ఉంటాయి. మన హైదరాబాద్ మందుల కంపెనీల్లో పనిచేసినవారికి ఈ సంగతి కొట్టినపిండే.

ఆ తర్వాత ట్యాంకులు, పంపులు, సెంట్రిఫ్యూజ్‌లు, వడపోతలు. ఇక్కడ బీటెక్ కేంద్రం వాళ్లు వాడే చిట్కా ఒకటి భలేగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లతో నిజం మందు చేయిస్తే ఖర్చు, ప్రమాదం. అందుకని జెల్లీఫిష్‌లో దొరికే ఓ ఆకుపచ్చ ప్రొటీన్‌ను బ్యాక్టీరియాతో తయారు చేయిస్తారు. అతినీలలోహిత దీపం వేస్తే అది మిణుగురులా మెరుస్తుంది. ఎక్కడ కారిపోయిందో, ఏ గొట్టంలో మిగిలిపోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు, మెరిసి అదే చెబుతుంది. ఈ ప్రొటీన్‌ను కనిపెట్టి, పనికొచ్చేలా చేసిన ముగ్గురికి 2008లో నోబెల్ వచ్చింది.

వీటిలోని మొదటి మెట్టు పాఠాలన్నీ కలిపి నార్త్ కరోలినా కమ్యూనిటీ కాలేజీలు నడిపే కోర్సు పేరు 'బయోవర్క్'. దాదాపు 130 గంటలు. సాయంత్రాలూ నడుస్తుంది కాబట్టి పగలు ఇంకో పని చేసుకుంటూ కొన్ని నెలల్లో పూర్తిచేసుకోవచ్చు. హైస్కూలు చదువుకు ఇది తోడైతే చాలా ఫ్యాక్టరీల్లో మొదటి మెట్టు ఉద్యోగానికి తలుపు తెరుచుకుంటుంది. నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదు.

'మా మీద పన్ను వేయండి'

కేంద్రం కట్టడం ఒక ఎత్తు. నడపడం పది ఎత్తులు. గ్రాంటు వస్తుంది, భవనం లేస్తుంది, రిబ్బన్ కత్తిరిస్తారు. మూడేళ్లకు ఫిల్టర్లు మార్చడానికి డబ్బుండదు. ఈ జబ్బు మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉంది. దానికి జాన్‌స్టన్ కౌంటీలోని క్లేటన్ ఊరివాళ్లు కనిపెట్టిన మందు వినండి.

అక్కడ నోవో నార్డిస్క్ ఇన్సులిన్ ఫ్యాక్టరీ, టాలెక్రిస్ (2011 నుంచి గ్రిఫోల్స్) ప్లాస్మా ఫ్యాక్టరీ ఉన్నాయి. ఇద్దరికీ మనుషులు దొరకడం లేదు. ఒకరి దగ్గర నేర్చుకున్నవాణ్ని ఇంకొకరు లాక్కోవడం తప్ప దారి లేదు. చివరికి కంపెనీలు, కౌంటీ కలిసి ఓ ఒప్పందానికి వచ్చాయి. శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ ఫ్యాక్టరీలున్న ప్రాంతాన్ని 'పరిశోధన, శిక్షణ మండలం'గా ప్రకటించి, అక్కడి ఆస్తుల మీద అదనపు పన్ను వేశారు. కంపెనీలు ఒప్పుకొనే కట్టాయి! ఆ సొమ్ముతో జాన్‌స్టన్ కమ్యూనిటీ కాలేజీ శిక్షణ కేంద్రం లేచింది. 2005 నుంచి నడుస్తోంది. పన్ను రాయితీ ఇస్తేగానీ ఫ్యాక్టరీ పెట్టం అనే కంపెనీలను చూసి చూసి ఉన్న మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది. కానీ వాళ్ల లెక్క వాళ్లకుంది. ఒక్క బ్యాచ్ మందు చెడిపోతే పోయే డబ్బుతో పోలిస్తే ఆ పన్ను ఏపాటి? అదే క్లేటన్‌లో 410 కోట్ల డాలర్లతో మరో ఫ్యాక్టరీ కడతామని నోవో నార్డిస్క్ 2024లో ప్రకటించింది.

అయితే డబ్బుతో తీరని సమస్య ఇంకొకటుంది. పాఠం చెప్పేదెవరు? ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేసినవాళ్లే ఈ పని నేర్పగలరు. వాళ్లకు కాలేజీ ఇచ్చే జీతం ఫ్యాక్టరీ జీతం కన్నా బాగా తక్కువ. ఇక యంత్రాలు... కంపెనీలు కొత్తవి కొనుక్కుని పాతవి కాలేజీకి దానం చేస్తుంటాయి. మంచిదే. కానీ పిల్లలు నేర్చుకునేది ఒక మోడల్ మీద, ఉద్యోగంలో చేరేది ఇంకో మోడల్ మీద. ఈమధ్య చాలాచోట్ల స్టీలు ట్యాంకులకు బదులు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులొచ్చాయి. స్టీలు ట్యాంకును ఆవిరితో శుద్ధి చేయడం నేర్పే పాఠం ఇప్పుడు సగం కంపెనీలకు కావాలి, సగం కంపెనీలకు అక్కర్లేదు.

మరి మిల్లు కార్మికుల సంగతి?

క్యానపొలిస్‌కు తిరిగొద్దాం. మూతపడిన మిల్లును 2004 చివర్లో వేలంలో కొన్నాయన డేవిడ్ మర్డాక్. డోల్ పళ్ల కంపెనీ యజమాని, కోటీశ్వరుడు. ఆయన ఆ ఊరికి కొత్త కాదు. 1982లో ఆ మిల్లునే కొని, కొన్నేళ్లకు అమ్మేశాడు. ఆయన హయాంలో కార్మికుల పింఛన్ల డబ్బు ఎగ్జిక్యూటివ్ లైఫ్ అనే బీమా కంపెనీ చేతికి వెళ్లింది. 1991లో ఆ కంపెనీ మునిగింది. ముసలివాళ్ల పింఛన్లు తెగ్గోసుకుపోయాయి. అలాంటి మనిషి 2005లో వచ్చి 'ఇక్కడ బయోటెక్ పరిశోధన నగరం కడతాను, వేల ఉద్యోగాలొస్తాయి' అంటే ఊరివాళ్లలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు పెదవి విరిచారు. 2006లో మిల్లు పొగగొట్టాలు కూల్చేశారు. 2008లో పాలరాతి గుమ్మటంతో పెద్ద ప్రయోగశాల లేచింది. 2010లో రోవన్-క్యాబరస్ కాలేజీ వారి బయోటెక్ శిక్షణ భవనం కూడా అదే ఆవరణలో తెరుచుకుంది.

ఉద్యోగాలు మాత్రం మాట ఇచ్చినంతగా రాలేదు. 2008 ఆర్థిక మాంద్యం ఒక కారణం. అసలు కారణం వేరే ఉందనిపిస్తుంది. ఆ ఆవరణలోకి వచ్చింది ఫ్యాక్టరీలు కాదు, యూనివర్సిటీల పరిశోధన బృందాలు. పరిశోధనకు పీహెచ్‌డీలు కావాలి. మిల్లు కార్మికుడికి కావలసింది ఫ్యాక్టరీ. మందుల ఫ్యాక్టరీలేమో రెండు గంటల ప్రయాణం దూరంలో, రాలీ చుట్టుపక్కల! సొంతిల్లు, ముసలి తల్లిదండ్రులు, చదువుకుంటున్న పిల్లలు ఉన్న యాభై ఏళ్ల మనిషి ఎక్కడికని కదులుతాడు? మిల్లులో పనిచేసి కాలేజీకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్ సహాయకులుగా, ఏసీ మెకానిక్‌లుగా, లారీ డ్రైవర్లుగా, ఆఫీసు గుమస్తాలుగా స్థిరపడ్డారు. చాలామందికి జీతం తగ్గింది. కొందరికి హైస్కూలు సర్టిఫికెట్ చేతికొచ్చింది. బయోటెక్ గదిలోకి అడుగుపెట్టింది కొద్దిమందే. దీన్ని దాచిపెట్టి 'మగ్గం నుంచి మైక్రోస్కోపు దాకా' అంటూ గొప్పలు రాసినవారు అప్పట్లో చాలామందే ఉన్నారు.

అలాగని అంతా వృథా అనడానికీ లేదు. మిల్లువాళ్లకు తెలియకుండానే ఈ పనికి కావలసిన సగం గుణాలు ఉన్నాయి. రాత్రి షిఫ్టు అలవాటు. యంత్రం చప్పుడులో తేడా వస్తే చెవి పసిగడుతుంది. దారం తెగితే క్షణంలో ముడివేసే వేళ్లు. అయితే అన్నిటికన్నా పెద్ద తేడా ఒకటుంది, అది దుమ్ము. మిల్లులో పత్తి నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయే జబ్బు ఆ తరం వాళ్లకు బాగా తెలుసు. నష్టపరిహారం కోసం 1970ల్లో సంఘాలు పెట్టి పోరాడారు కూడా. ఏళ్ల తరబడి నూగులో తడిసిన మనిషికి, గాలిలో ఒక్క కణం కూడా లెక్కపెట్టే గదిలో నిలబడి పనిచేయడం ఎలా ఉంటుందో!

ఆలస్యంగానైనా ఫ్యాక్టరీ కూడా వచ్చింది. క్యానపొలిస్ పక్క ఊరు కాన్‌కర్డ్. అక్కడ ఫిలిప్ మోరిస్ వారి భారీ సిగరెట్ ఫ్యాక్టరీ ఉండేది. 2010 నాటికి అది కూడా ఖాళీ అయింది. ఆ స్థలంలో ఇంజెక్షన్ మందుల ఫ్యాక్టరీ కడతామని, దాదాపు 600 ఉద్యోగాలిస్తామని 2022 జనవరిలో ఎలి లిల్లీ ప్రకటించింది. రోవన్-క్యాబరస్ కాలేజీకి పని మళ్లీ పెరిగింది. కాకపోతే ఈసారి వస్తున్నది మిల్లు కార్మికుల పిల్లలు, మనవలు. మధ్యలో ఇరవయ్యేళ్లు గడిచిపోయాయి. ఫ్యాక్టరీ వచ్చే వరకూ శిక్షణ కేంద్రాన్ని ఎవరు మోయాలి, శిక్షణ కేంద్రం లేనిదే ఫ్యాక్టరీ వస్తుందా అనే ప్రశ్నకు ఆ ఊరు ఇచ్చిన జవాబు ఇంత ఖరీదైనది.

మన గుడి పక్కనే...

అమెరికాలో పిల్లలున్న తెలుగువారికి కేరీ, మోరిస్‌విల్ పేర్లు కొత్త కాదు. కేరీ వేంకటేశ్వరస్వామి గుడికి 2022లో 87 అడుగుల గోపురం కట్టారు. ఆ గుడి నుంచి కారులో అరగంటలోపే హోలీ స్ప్రింగ్స్. ఫ్లూ టీకాలు చేసే సెఖీరస్, ఆమ్‌జెన్, ఫ్యూజిఫిల్మ్ ఫ్యాక్టరీలన్నీ ఆ ఊళ్లోనే. మనవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌లోనే కనిపిస్తారు కాబట్టి వారాంతంలో గుడికెళ్లి వచ్చేటప్పుడు ఆ తెల్లని పెద్ద షెడ్లను చూసినా, లోపల పనిచేసేవారిలో చాలామంది డిగ్రీ లేకుండానే చేరారని ఎక్కువమందికి తెలియదు.

భద్రమైన ఉద్యోగమేనా? బరువు తగ్గించే మందులతో ఆకాశానికెగిసిన నోవో నార్డిస్కే 2025 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా 9,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. కాలిఫోర్నియాలోని వాకావిల్‌లో ఉన్న జెనెంటెక్ ఫ్యాక్టరీ 2024లో 120 కోట్ల డాలర్లకు లోంజా చేతికి పోయింది. ఆ పక్కనే ఉన్న సొలానో కమ్యూనిటీ కాలేజీ బయోతయారీ రంగంలో ఏకంగా డిగ్రీయే ఇస్తోంది. ఒక్క కంపెనీ కొలతలకు కుట్టిన చొక్కాలాంటి శిక్షణ అయితే యజమాని మారిన రోజున బిగుతైపోతుంది. గదిలోకి ఎలా వెళ్లాలి, ఎలా రాయాలి, ఎలా శుభ్రం చేయాలి అన్నవి నేర్చుకుంటే ఏ కంపెనీకైనా సరిపోతుంది.

మరి మన దగ్గర? 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచీ హైదరాబాద్ టీకాల ఊరే. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట, తుర్కపల్లి చుట్టూ పెరుగుతూ వచ్చింది. భారత్ బయోటెక్, బయలాజికల్ ఇ పేర్లు కొవిడ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వినిపించాయి. ఆ ఊపులోనే 2000ల నుంచి డిగ్రీ కాలేజీల్లో బయోటెక్నాలజీ గ్రూపులూ పుట్టుకొచ్చాయి. అయితే మూడేళ్లు చదివిన చాలామంది పిల్లలు ఫెర్మెంటర్‌ను బొమ్మలోనే చూసి బయటికొస్తున్నారు. కంపెనీలు చేర్చుకున్నాక నెలల తరబడి మళ్లీ మొదటి నుంచి నేర్పుకుంటాయి. నేర్పే ఓపిక లేని చిన్న కంపెనీలు అనుభవం ఉన్నవారే కావాలంటాయి. అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

కాలేజీల్లో సీట్లు నింపే రోజులొస్తే మీ అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు ఫీజుతోపాటు ఇంకొన్ని కూడా అడగండి. ఫెర్మెంటర్ ఉందా? ఎన్ని లీటర్లది? పోయిన ఏడాది ఎన్నిసార్లు నడిపారు? బ్యాచ్ రికార్డు పుస్తకం ఒకటి చూపిస్తారా? పాఠం చెప్పేవారిలో ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడానికి వాళ్లకు ఎంతసేపు పట్టిందో కూడా గమనించండి.